సెకండ్ హ్యాండ్ కారులో సన్‌రూఫ్ నుంచి నీళ్లు: తప్పు రబ్బరుది కాకపోవచ్చు

వాన వెలిశాక కారు తలుపు తీయగానే ముక్కిన వాసన. డ్రైవర్ నెత్తిమీది లైనింగ్‌కు టీ రంగు మరక. బ్రేక్ తొక్కగానే పైన లైటు దగ్గర నుంచి రెండు చుక్కలు. సన్‌రూఫ్ ఉన్న పాత కారులో ఈ మూడింట్లో ఏది కనిపించినా చాలామంది మొదట అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌నే అనుమానిస్తారు. షాపులోనూ తరచుగా అదే మాట చెప్పి, అద్దం అంచు పొడుగునా సిలికాన్ పూసి పంపిస్తారు. రెండు వానలకు నీళ్లు మళ్లీ వస్తాయి. అప్పటికి సన్‌రూఫ్ తెరుచుకోవడం కూడా మానేసి ఉంటుంది.

ఈ సమస్య మన దగ్గర ఇప్పుడే ఎక్కువగా ఎందుకు కనిపిస్తోందో కూడా చూడాలి. 2014 హోండా సిటీ టాప్ వేరియంట్‌లో సన్‌రూఫ్ వచ్చేనాటికి అది కొద్దిమంది సరదా. 2019లో ఎంజీ హెక్టర్, 2020లో కొత్త తరం హ్యుందాయ్ క్రెటా పనోరమిక్ అద్దంతో, అంటే పైకప్పు చాలా మేర పరుచుకునే అద్దంతో వచ్చాయి. 2022లో బ్రెజాతో మారుతి కూడా సన్‌రూఫ్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2023లో ఎక్స్‌టర్ లాంటి చిన్న కారుకూ సన్‌రూఫ్ అమరింది. ఆ బళ్లన్నీ ఇప్పుడు రెండో యజమాని చేతికి వస్తున్నాయి. మొదటి యజమాని నాలుగైదేళ్లలో ఒక్కసారి కూడా శుభ్రం చేయించని, సన్‌రూఫ్ నీళ్లు బయటికి పోయే గొట్టాలు వాటితో పాటే వస్తున్నాయి.

నీళ్లు లోపలికి దిగడం మామూలే

ముందు విండ్‌షీల్డ్‌ను జిగురుతో శాశ్వతంగా అతికిస్తారు. సన్‌రూఫ్ అద్దాన్ని అలా అతికించలేరు, అది కదలాలి. దాని బీడింగ్ రేకుకు ఒత్తుకుని మాత్రమే ఉంటుంది. జోరు వానలో కొంత నీరు ఆ ఒత్తిడిని దాటి కిందికి దిగుతుంది. డిజైన్ చేసినవాళ్లకు ఇది ముందే తెలుసు. అందుకే అద్దం కింద నాలుగు వైపులా సన్నటి కాలువ ఉన్న ట్రే పెట్టి, దాని మూలల్లో రంధ్రాలు చేసి, వాటికి గొట్టాలు తగిలిస్తారు. ముందు రెండు గొట్టాలు విండ్‌షీల్డ్ పక్కనుండే నిలువు స్తంభాల (‘ఏ’ పిల్లర్లు, A-pillars) లోపలగా దిగి, చాలా కార్లలో ముందు తలుపు కీళ్ల దగ్గరో చక్రం మీది రేకు (ఫెండర్) వెనకో బయటపడతాయి. వెనక రెండు వెనక తలుపుల వెనకుండే సీ పిల్లర్ల లోంచి, పెద్ద ఎస్‌యూవీల్లో చిట్టచివరి డీ పిల్లర్ల లోంచి దిగి వెనక చక్రం పైభాగంలోనో బంపర్ లోపలో తెరుచుకుంటాయి. మోడల్‌ను బట్టి దారి కొంచెం మారుతుంది, పద్ధతి మాత్రం ఇదే.

డాబా ఇంటికి పిట్టగోడ మూలలో నీళ్లు పోయే గొట్టం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆకులు అడ్డుపడి నీళ్లు నిలిస్తే స్లాబు కారుతుంది. అప్పుడు స్లాబు పైన ఎంత సిమెంటు పూసినా లాభం లేదు.

లెక్క వేస్తే సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు నీరు. గంటకు 50 మి.మీ. చొప్పున కురిస్తే దాదాపు చదరపు మీటరున్న పనోరమిక్ అద్దం మీద గంటలో 50 లీటర్లు పడతాయి. అందులో నూటికి ఒక వంతు బీడింగ్ దాటినా ట్రేలోకి అర లీటరు చేరుతుంది. గొట్టాలు తెరిచి ఉంటే ఆ నీరు మీకు తెలియకుండానే రోడ్డు మీదికి పోతుంది. మూసుకుపోతే ట్రే అంచు దాటి లైనింగ్ మీదికి పొర్లుతుంది.

ఏది చెడుతుంది, ఎందుకు

అన్నిటికంటే తరచుగా జరిగేది గొట్టం మూసుకుపోవడం. మన ఎండలకు నీడ చూసి కారు పెడతాం. ఆ నీడ ఏ చెట్టుదన్నది ఇక్కడ ముఖ్యం. మామిడాకు, బాదమాకు లాంటి పెద్ద ఆకులు అద్దం మీదే ఆగిపోతాయి. చింత, తురాయి చెట్ల రెక్కాకులు, ఉగాది వేళ రాలే వేపపూత మాత్రం అద్దం తెరిచినప్పుడు నేరుగా కాలువలో పడతాయి. వేసవి దుమ్ము వాటి మీద పేరుకుంటుంది. జూన్‌లో తొలి వాన ఆ రెంటినీ కలిపి ముద్ద చేసి రంధ్రం దగ్గరికి తోస్తుంది. అందుకే చాలా కార్లు నడి వర్షాకాలంలో కాకుండా మొదటి రెండు మూడు గట్టి వానలకే కారతాయి.

అడ్డు పైనే ఉండాలని లేదు. చాలా గొట్టాల కింది కొసకు చీలిక ఉన్న రబ్బరు తొడుగు ఉంటుంది. నీరు బయటికి పోవాలి, చక్రం చిమ్మే బురద, పురుగులు లోపలికి రాకూడదు అని అది పెడతారు. ఆ చీలిక బురదతో అతుక్కుపోతే గొట్టం నిండా నీళ్లు నిలుస్తాయి. పైనుంచి తీగ పెట్టి చూస్తే దారి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నీళ్లు మాత్రం పోవు.

మూడోది, గొట్టం ఊడిపోవడం. పాత కార్లలో దీన్ని ప్రత్యేకంగా చూడాలి. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన కారు పైకప్పు వేడికి గొట్టం గట్టిపడుతుంది, కొంచెం కుంచించుకుపోతుంది. ట్రే మూలనున్న ముక్కు నుంచో, కింద బాడీ రేకు రంధ్రంలోని రబ్బరు రింగు (గ్రొమెట్) నుంచో జారిపోతుంది. గొట్టం నలగడం కూడా ఉంది. ప్రమాదం తర్వాత పిల్లర్ రిపేరు చేసినా, డ్యాష్‌క్యామ్ వైరు లాగడానికి పిల్లర్ మీది ప్లాస్టిక్ తొడుగు (ట్రిమ్) ఊడదీసినా, తిరిగి బిగించేటప్పుడు గొట్టం మడతపడొచ్చు. సెకండ్ హ్యాండ్ కారులో మీకంటే ముందు ఎవరు ఏం విప్పారో తెలియదు కాబట్టి ఈ అనుమానాన్ని వదలకూడదు.

ట్రే పగలడం, దాని అతుకుల సీలెంట్ విడిపోవడం తక్కువే. జరిగితే మాత్రం పెద్ద ఖర్చు. లైనింగ్ మొత్తం దించాలి, చాలా కార్లలో సన్‌రూఫ్ యూనిట్‌నే దించాల్సి వస్తుంది.

తడి ఎక్కడుందో చూస్తే సగం తెలుస్తుంది

లైనింగ్ మీద మరక ఉంటే నీరు ట్రే దగ్గరే పొర్లుతోంది: పైన అడ్డు, పై ముక్కు దగ్గర ఊడిన గొట్టం, లేదా ట్రే పగులు. కింది కొసలో అడ్డుపడినా గొట్టం నిండాక నీరు ఇక్కడికే వస్తుంది. లైనింగ్ పొడిగా ఉండి కాళ్ల దగ్గర కార్పెట్ మాత్రమే తడిస్తే గొట్టం కింది భాగంలో ఊడింది లేదా చిరిగింది. పైనంతా బాగుంది కదా అని ఈ రెండో రకంలో సన్‌రూఫ్‌ను ఎవరూ అనుమానించరు. నెలల తరబడి పట్టుబడనిది ఇదే. బ్రేక్ వేసినప్పుడే చుక్కలు పడితే ట్రేలో నీరు నిలిచి ముందుకు పొర్లుతోందని అర్థం. వెనక గొట్టాలు చెడితే నీరు డిక్కీలో, స్టెప్నీ గుంటలో చేరుతుంది.

అయితే కారులోని ప్రతి తడీ సన్‌రూఫ్‌ది కాదు. వాన లేని రోజున, ఏసీ వేసినప్పుడే ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర వాసన లేని నీరు చేరితే ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుపోయి ఉంటుంది. విండ్‌షీల్డ్ ఒకసారి మార్చిన కారైతే డ్యాష్‌బోర్డు చివర్ల నుంచి దిగే నీటికి ఆ అతుకు కారణం కావచ్చు. కొత్త స్పీకర్లు బిగించిన కారులో తలుపు ప్యాడ్ వెనకుండే ప్లాస్టిక్ షీటు చిరిగితే, అద్దం మీంచి తలుపులోకి దిగిన నీరు గడప దాటి లోపలికి వస్తుంది. వైపర్ల కింద జాలీలో ఆకులు నిండినా ముందు కాళ్ల దగ్గర తడే. డిక్కీలో నీటికి టెయిల్ ల్యాంప్ గ్యాస్కెట్, పైకప్పు యాంటెన్నా అడుగు, రూఫ్ రెయిల్ బోల్టులు కూడా కారణం కాగలవు. తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది వాన నీరు కాదు, హీటర్ నుంచి కారుతున్న కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం).

ఒక సీసా నీళ్లతో పరీక్ష

కారును చదునైన చోట ఆపి సన్‌రూఫ్ పూర్తిగా తెరవండి. తడిగుడ్డతో ట్రేలోని చెత్తను ఎత్తెయ్యండి. రంధ్రం వైపు నెట్టకండి. సన్న మూతి ఉన్న సీసాతో ఒక ముందు మూలలో 200 నుంచి 250 మి.లీ. నీరు నిదానంగా పోయండి. ఇంకొకరు ఆ వైపు చక్రం దగ్గర, తలుపు కీళ్ల సందులో చూస్తూ ఉండాలి. కాసేపట్లోనే సన్న ధారగా నీరు రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే సగం అడ్డుంది. ట్రేలో నీరు కదలకపోతే పూర్తిగా మూసుకుపోయింది. ట్రే ఖాళీ అవుతున్నా బయట నీరు కనిపించకపోతే వెంటనే పోయడం ఆపి లోపల కార్పెట్ తడిమి చూడండి. ఆ నీరు కారులోకే పోతోంది. కుడి, ఎడమల్లో నీరు దిగడానికి పట్టే సమయం పోల్చితే చిన్న తేడా కూడా దొరుకుతుంది.

వెనక రంధ్రాలు సాధారణంగా కంటికి కనిపించవు. పనోరమిక్‌లో అవి కదలని వెనక అద్దం కింద ఉంటాయి. ముందు భాగం ఎత్తుగా ఉండేలా కారును వాలు మీద నిలిపి, పక్క కాలువలో నీరు పోస్తే అది వెనక్కి పారుతుంది.

గొట్టాలు నాలుగూ బాగున్నాయని తేలాకే అద్దం మూసి, తోట గొట్టంతో మామూలు ధారగా నీరు పట్టి చూడాలి. కింది భాగం నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రండి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. ముందే పైకప్పు మీద పోస్తే నీరు అన్నిచోట్లా పారి కారణం దొరకదు. కార్ వాష్‌లోని ప్రెషర్ గన్ ఈ పరీక్షకు పనికిరాదు. ఆ వేగంతో కొడితే మంచి బీడింగ్‌ను కూడా నీరు దాటుతుంది.

అడ్డు తీయడం

సర్వీస్ షాపుల్లో సులువుగా చేసే పని పైనుంచి కంప్రెసర్ గాలి కొట్టడం. ఒప్పుకోకండి. అడ్డు గట్టిగా ఉన్నప్పుడు గాలి దాన్ని తోయలేక గొట్టాన్నే ముక్కు నుంచి ఊడగొడుతుంది, అదీ పిల్లర్ లోపల కనిపించని చోట. నీళ్లు అప్పటికప్పుడు ట్రేలోంచి దిగిపోతాయి కాబట్టి పని అయిందనుకుంటారు. అవి ఆ తర్వాత నేరుగా కార్పెట్ కిందికి చేరతాయి. ఇనుప తీగ కూడా వద్దు, మలుపు దగ్గర గొట్టాన్ని పొడుస్తుంది.

గడ్డి కోసే మెషిన్లకు వాడే నైలాన్ తీగ, 2 నుంచి 2.5 మి.మీ. మందం ఉన్నది, ఈ పనికి బాగా సరిపోతుంది. రెండు మీటర్లు కోసి, కొసను లైటర్‌తో కరిగించి గుండ్రంగా చేయండి. అది దొరక్కపోతే కిటికీ కర్టెన్లకు వాడే ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగ్ వైరు పనికొస్తుంది. దాని కొక్కెం తీసేసి కొసకు టేపు చుట్టాలి. వేళ్లతో తిప్పుతూ దింపండి. ఆగిన చోట బలం పెట్టకుండా వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించండి. తీగ ఎక్కడ ఆగిందో టేపుతో గుర్తు పెట్టుకుంటే అడ్డు పైన ఉందో కింద ఉందో తెలుస్తుంది. తర్వాత 50 మి.లీ. సిరంజితో గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా పంపండి. తడి పీల్చే వ్యాక్యూమ్ అందుబాటులో ఉంటే కింది కొస నుంచి పీల్చడం ఇంకా మంచిది. చెత్తను నెట్టి ఇరికించే పని లేకుండా అది కిందినుంచే బయటికి వస్తుంది.

కింది రబ్బరు తొడుగును మర్చిపోవద్దు. తలుపు కీళ్ల సందులో ఉంటే చేతికే అందుతుంది. ఫెండర్ లోపల ఉంటే చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు కొన్ని తీయాలి. వేళ్లతో నొక్కి చీలిక తెరిచి, బురద కడిగేయండి. దాన్ని కోసి పారేస్తే సమస్య పోతుందని కొందరు చెబుతారు. నీరు పోతుంది నిజమే, కానీ పురుగులు గూడు పెట్టడానికి, చక్రం చిమ్మిన బురద ఎక్కడానికి అదే దారవుతుంది. పాడైతే కొత్తది వేయించడమే సరైనది.

ఊడిన గొట్టం, వంగిన అద్దం

గొట్టం తిరిగి తొడగాలంటే పిల్లర్ ట్రిమ్ తీయాలి. సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే అది పైకప్పు అంచు వెంటే ఉంటుంది. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగకుండా ఆ భాగం ముట్టుకోకూడదు. గొట్టాన్ని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి అడ్డంగా కట్టకూడదు. చాలా ఏ పిల్లర్ ట్రిమ్ క్లిప్పులు ఒక్కసారికే పనికొస్తాయి, కొత్తవి ముందే తెచ్చుకోవాలి. వీటి మీద అలవాటు లేని మనిషితో ఈ పని చేయించొద్దు.

గొట్టం కొసను వేడి నీటిలోనో హెయిర్ డ్రయర్‌తోనో మెత్తబరిచి, ముక్కు మీద పూర్తిగా ఎక్కేదాకా తొడగాలి. కుంచించుకుపోయినదాన్ని లాగి తొడిగితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ ఊడుతుంది, గొట్టమే మార్చండి. ట్రే ముక్కు బయటి కొలత తీసుకుని దానికి బిగుతుగా పట్టే మెత్తటి గొట్టం ఎంచుకోవాలి. పైనుంచి కిందిదాకా వాలు తెగకూడదు, ఎక్కడా మడత పడకూడదు. బిగించాక ట్రిమ్ మూయకముందే మళ్లీ పావు లీటరు నీరు పోసి చూడండి.

అద్దం ఎత్తు సరిగా లేకపోయినా నీరు ఎక్కువగా దిగుతుంది. చాలా సన్‌రూఫుల్లో అద్దం ముందు అంచు రేకుతో సమంగానో ఒక మి.మీ. లోపు కిందికో, వెనక అంచు సమంగానో ఒక మి.మీ. లోపు పైకో ఉండాలి. ఇరుపక్కలా ఉండే స్క్రూలు వదులు చేసి సరిచేస్తారు. అద్దం మూసేటప్పుడు మధ్యలో ఒక కరెన్సీ నోటు పెట్టి లాగి చూడండి. చుట్టూ ఒకేలా బిగుతుగా ఉండాలి, ఒకచోట తేలిగ్గా జారితే అక్కడ బీడింగ్ ఒత్తుకోవడం లేదు. బీడింగ్‌ను షాంపూ నీటితో తుడిచి ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రబ్బరును ఉబ్బిస్తాయి, దుమ్మునూ పట్టుకుంటాయి.

అద్దం అంచున ట్యూబు సిలికాన్ పూసి ఉన్న కారు దొరికితే దాన్ని ప్లాస్టిక్ పనిముట్టుతో ఓపిగ్గా తీయించాలి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పెయింటు లేచిన చోట రేకు తుప్పు పట్టడానికి అది చాలు. ఊడిన ముక్కలు ట్రేలో పడి మళ్లీ రంధ్రాలకే అడ్డుపడతాయి. ట్రే అతుకు నిజంగా విడిపోయి ఉంటే డెంటింగ్ షాపుల్లో వాడే పాలీయురేతేన్ సీలెంట్ సరైనది. అదీ ఉపరితలం శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక.

ఆరబెట్టకపోతే పని సగమే

నీరు ఆగిపోవడంతో ఊపిరి పీల్చుకుని ఇక్కడే చాలామంది వదిలేస్తారు. కార్పెట్ పైన పొడిగా కనిపించినా, కింద మందపాటి ఫోమ్ వారాల తరబడి నీరు పట్టుకుని ఉంటుంది. టిష్యూ పేపర్ పెట్టి పిడికిలితో గట్టిగా నొక్కి చూడండి. తడి అంటితే సీట్లు తీసి కార్పెట్ ఎత్తాల్సిందే. సీటు కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, బ్యాటరీ తీసి ఆగాకే విప్పాలి. సీట్లు బయట ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఉండిపోతుంది, దాన్ని స్కానర్‌తో తీయించాలి.

నీటిని వ్యాక్యూమ్‌తో పీల్చి, ఫోమ్ కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తి, ఫ్యాన్ గాలి రెండు మూడు రోజులు తగలనివ్వండి. అద్దాలు మూసి ఎండలో పెడితే ఆవిరి లోపలే తిరిగి బూజు పడుతుంది. సీటు కింద, డ్యాష్‌బోర్డు అడుగున తడిసిన కనెక్టర్లలో పచ్చటి పొడి కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగించాలి. లేకపోతే కొన్ని నెలలకు పవర్ విండో, సెంట్రల్ లాక్ ఒక్కొక్కటే మొరాయిస్తాయి. అప్పుడు ఎవరికీ సన్‌రూఫ్ గుర్తుకు రాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో ఉప్పు తేమ వల్ల ఫ్లోర్ రేకు తొందరగా తుప్పు పడుతుంది, అక్కడ ఆలస్యం చేయొద్దు.

కొనేముందు

ఫిబ్రవరి నుంచి మే దాకా చూసిన కారులో కారడం బయటపడదు. అందుకే టోకెన్ ఇచ్చేముందే సీసా నీళ్ల పరీక్ష చేయనిమ్మని అడగండి. గొట్టాలు మూసుకుపోయి ఉంటే ఆ నీరు లైనింగ్ మీదికి రావచ్చు, కాబట్టి యజమాని ఎదురుగా కొద్ది నీటితోనే మొదలుపెట్టండి. అసలు ఒప్పుకోకపోతే అదే సమాధానంగా తీసుకోవచ్చు. లైనింగ్ మూలలు, సన్‌వైజర్ వెనక, ఏ పిల్లర్ పై కొస, స్టెప్నీ గుంట, సీటు పట్టాల తుప్పు చూడండి. ఆరేళ్ల కారులో లైనింగ్ మాత్రం కొత్తగా ఉన్నా, లోపల సెంటు ఘాటుగా కొడుతున్నా ఎందుకో అడగండి.

సన్‌రూఫ్ తడినీ వరద తడినీ కలిపేయకండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లు చాలా ఉన్నాయి. సన్‌రూఫ్ నీరు పైనుంచి దిగుతుంది, సాధారణంగా ఒక పక్కకే పరిమితం. వరద నీరు కింది నుంచి ఎక్కుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుంది, ఫ్యూజ్ బాక్స్ వెనక సన్నటి మట్టి ఉంటుంది, రెండు వైపులా ఒకే ఎత్తులో మరకలుంటాయి. గొట్టం మూసుకుపోయిన కారును బేరమాడి కొనొచ్చు, ఆ పని ఒక పూటలో అవుతుంది. ట్రే పగిలిన కారును యూనిట్ మార్చే ఖర్చు అడిగి తెలుసుకున్నాకే. మునిగిన కారును మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి.

బయటి షాపులో పైకప్పు కోసి బిగించిన సన్‌రూఫ్ ఉంటే మరింత జాగ్రత్త అవసరం. గొట్టాలు ఎక్కడ తెరుచుకుంటున్నాయో అమ్మేవాళ్లు చూపించగలగాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి రావచ్చు కాబట్టి ఆర్సీ, బీమా కాగితాలు కూడా చూసుకోవాలి. బీమా విషయానికొస్తే, సమగ్ర పాలసీ వరదకు వర్తిస్తుంది కానీ అరుగుదలకు, నిర్వహణ లోపానికి వర్తించదు. మూసుకుపోయిన గొట్టం వల్ల తడిసిన కార్పెట్‌ను కంపెనీలు సాధారణంగా ఈ రెండో కోవలోనే చూస్తాయి. కారు మీ చేతికొచ్చాక ఏటా మే నెలాఖరులో ఒకసారి, చెట్ల కింద పెట్టే కారైతే దీపావళి దాటాక ఇంకోసారి, ట్రే తుడిచి నాలుగు మూలల్లో నీరు పోసి చూడండి. అరగంట పని.